అమ్మకు కోర్టు నుంచి కార్డు వచ్చిందా?

పిల్లలూ,

టెక్సాస్‌లో నాలుగో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "తాతయ్యా, మా అమ్మకి కోర్టు నుంచి కార్డు వచ్చింది. అమ్మేం తప్పు చేసింది? పోలీసులు వస్తారా?"

ఎవరూ రారు తల్లీ. అమ్మ ఏ తప్పూ చెయ్యలేదు. ఇంకెవరో తప్పు చేశారో లేదో తేల్చడానికి సాయం రమ్మని పిలిచారు, అంతే. కేసు విని తీర్పు చెప్పే మామూలు మనుషుల గుంపును జ్యూరీ అంటారు, అందులోకి రమ్మనే ఈ పిలుపును జ్యూరీ సమన్లు అంటారు.

అమ్మ పేరే ఎందుకొచ్చిందంటే, టెక్సాస్‌లో ఓటర్ల జాబితానూ డ్రైవింగ్ లైసెన్సుల జాబితానూ కలిపి అందులోంచి పేర్లు తీస్తారు. లైసెన్సు అమెరికా పౌరులు కానివాళ్ళకీ ఉంటుంది కదా, అందుకే గ్రీన్‌కార్డు మీదా హెచ్-వన్-బి మీదా ఉన్న మనవాళ్ళకి కూడా ఒక్కోసారి ఈ కార్డు వస్తుంది. వాళ్ళు జ్యూరీలో కూర్చోవడానికి వీల్లేదు. అలాగని కార్డు చెత్తబుట్టలో పడెయ్యకూడదు. "నేను పౌరుణ్ణి కాను" అన్న గడిలో గుర్తు పెట్టి తిప్పి పంపాలి. పొరపాటున కూడా పౌరుణ్ణని సంతకం పెట్టకూడదు, ఆ మాట తర్వాత ఇమిగ్రేషన్ కాగితాల దగ్గర పీకకు చుట్టుకుంటుంది. జవాబే ఇవ్వకపోతే 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా. ఇంకోమాట. "నువ్వు జ్యూరీకి రాలేదు, వారెంటు ఉంది, ఇప్పుడే గిఫ్ట్‌కార్డు కొని నంబరు చెప్పు" అని ఫోనొస్తే అది దొంగ ఫోను. కోర్టులు ఫోనులో డబ్బడగవు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ సంగతి మీరే చెప్పండి.

తప్పించుకోవచ్చా అంటే, కొందరికి వెసులుబాటుంది: 75 దాటినవాళ్ళు, హైస్కూల్లోనో కాలేజీలోనో చదువుతున్నవాళ్ళు, 12 ఏళ్ళలోపు బిడ్డను చూసుకోడానికి వేరే దిక్కులేనివాళ్ళు. అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చి ఇంట్లోనే ఉంటే మాత్రం మీ అమ్మకు ఆ సాకు చెల్లదు! తేదీ కుదరకపోతే వాయిదా అడగొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం అక్కర్లేదు, జ్యూరీకి వెళ్ళారని పర్మనెంటు ఉద్యోగిని తీసెయ్యడం టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. ఆ రోజు జీతం ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం కంపెనీ ఇష్టం. కోర్టు ఇచ్చేది మొదటి రోజుకు 20 డాలర్లు, రెండో రోజు నుంచి 58.

ముందురోజు సాయంత్రం కౌంటీ వెబ్‌సైటు చూసుకోవాలి, ఒక్కోసారి రానక్కర్లేదని పెడతారు. వెళ్ళేటప్పుడు పుస్తకం, శాలువా, టిఫిను డబ్బా పట్టుకెళ్ళమనండి. ఆ హాల్లో ఏసీకి చేతులు కొంకర్లు పోతాయి. డబ్బాలో పండు కోసే చాకుంటే గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు.

ఇక అసలు పని. అమ్మమ్మ చేటలో బియ్యం పోసి రాళ్ళేరడం చూశారా? జ్యూరీని ఎంచేది అలాగే. పెద్ద నేరం కేసైతే ఓ అరవైమందిని కోర్టు గదిలోకి తెచ్చి, నంబర్ల వరసన కూర్చోబెడతారు. అదీ చేటలో బియ్యం. రెండుపక్షాల లాయర్లూ ప్రశ్నలడుగుతారు: మీ ఇంట్లో పోలీసు ఉన్నారా? మీ ఇంట్లో ఎప్పుడైనా దొంగలు పడ్డారా? ముద్దాయి నోరు విప్పకపోతే తప్పు చేసినట్టేనని అనుకుంటారా? ముద్దాయికి చుట్టమైనవాళ్ళూ, ముందే తీర్పు చెప్పేసుకున్నవాళ్ళూ రాళ్ళ కింద లెక్క. వాళ్ళను జడ్జి ఏరేస్తాడు, ఎందరినైనా సరే. ఆ తర్వాత మంచి గింజల్లోంచి కూడా ఒక్కో పక్షం పదేసిమందిని కారణం చెప్పకుండా పక్కన పెట్టొచ్చు. ఒంటిరంగు చూసి తీసెయ్యడం మాత్రం కుదరదని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంతా చేసి మిగిలినవాళ్ళలో నంబరు వరసన మొదటి పన్నెండుగురే జ్యూరీ.

మీకు కూడికలొచ్చుగా, 12, 10, 10 కలపండి. 32. రాళ్ళేమీ దొరక్కపోతే ఆట అంతా మొదటి 32 మంది మధ్యే. అమ్మ నంబరు 55 అయితే సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది. 7 అయితే ఆ వారం వంట నాన్నదే. చుట్టాలొస్తారేమోనని ఓ గుప్పెడు బియ్యం ఎక్కువ పోసినట్టు, మధ్యలో ఎవరికైనా జబ్బు చేస్తుందేమోనని ఒకరిద్దరు అదనపు సభ్యుల్ని కూడా కూర్చోబెడతారు.

ప్రశ్నలకు దాచకుండా చెప్పాలి. పదిమందిలో చెప్పలేని సంగతైతే జడ్జి దగ్గరకెళ్ళి మెల్లగా చెప్పుకోవచ్చు. "నా ఇంగ్లీషు యాస బాగోదు" అని మనవాళ్ళు జంకుతారు గానీ, చదివి, విని అర్థం చేసుకోగలిగితే చాలు, యాసతో పనిలేదు. పైగా సాక్షి తెలుగులో చెబుతూ, దుబాసీ ఇంగ్లీషులోకి మారుస్తుంటే, తెలుగొచ్చిన జ్యూరీ సభ్యులు కూడా దుబాసీ చెప్పిందే లెక్కలోకి తీసుకోవాలి! దుబాసీ తప్పు చెప్పినట్టు తోస్తే పక్కవాళ్ళ చెవిలో ఊదకూడదు, చీటీ రాసి బెయిలిఫ్ (కోర్టు గదిని చూసుకునే అధికారి) ద్వారా జడ్జికి పంపాలి.

కేసు నడిచినన్నాళ్ళూ అన్నిటికన్నా కష్టమైనది నోరు కట్టుకోవడం. ఇంట్లో చెప్పకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు, గూగుల్లో వెతకకూడదు, కేసులోని సంఘటన జరిగిన వీధి చూసొద్దామని కారు అటు తిప్పకూడదు. ఎవరో ఒకరు ఇలా చేసి వారాల విచారణ బూడిదలో పోసిన పన్నీరు చేస్తూనే ఉంటారు. కాబట్టి అమ్మను తొలిచెయ్యకండి. లిఫ్టులో లాయరు మొహం తిప్పుకున్నా అమ్మ చిన్నబుచ్చుకోనక్కర్లేదు, జ్యూరీతో మాట్లాడకూడదని అతనికీ ఆంక్షే.

చివరికి పన్నెండుగురినీ ఒక గదిలో పెట్టి తలుపేస్తారు. కుండ మీద మూత పడ్డట్టే. నేరం కేసులో అందరిదీ ఒకే మాట కావాలి. ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మనవాళ్ళు, ఇక్కడ అది కుదరదు. తీర్పు చదివాక లాయరు కోరితే ఒక్కొక్కరినీ "ఇది నీ తీర్పేనా?" అని అడుగుతారు. పన్నెండు మెతుకులూ పట్టి చూడాల్సిందే. డబ్బు తగాదాల్లో మాత్రం జిల్లాకోర్టులో పదిమంది ఒప్పుకుంటే చాలు, రెండు మెతుకులు పలుకుగా ఉన్నా వడ్డించేస్తారు. నేరం కేసులో ఎంతకీ ఏకాభిప్రాయం రాకపోతే ఆ విచారణ అక్కడితో సరి. మళ్ళీ నడపాలంటే కొత్త చేట, కొత్త బియ్యం.

మీ తాతయ్యలకు ఇదంతా వింతగా ఉంటుంది. ఇండియాలోనూ జ్యూరీలుండేవి. 1959లో బొంబాయిలో నానావతి అనే నౌకాదళ అధికారి హత్య కేసులో తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టూ ఖాయం చేసింది. అప్పటికే సన్నగిల్లుతున్న పద్ధతి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. జడ్జి చదివినంత చట్టం చదవని పన్నెండుగురు, ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఒక మనిషి జైలుకెళ్ళాలా ఇంటికెళ్ళాలా తేల్చడం మంచిదా కాదా అంటే నేను వాదన పెట్టుకోను. అంత తేడా ఉన్న మనుషులు ఒక్క మాట మీదకు ఎలా వస్తారన్నదే నాకు ఇప్పటికీ విడ్డూరం.

మీరే చూడండి. విచారణలు చాలామటుకు అందరూ వెళ్ళి చూసేవే. బడికి సెలవున్న రోజు అమ్మతోనో నాన్నతోనో కౌంటీ కోర్టుకెళ్ళి, ఇవాళ జ్యూరీని ఎంచడం ఏ గదిలో జరుగుతోందని గుమాస్తాను అడగండి. చాలాచోట్ల సోమవారాలు జరుగుతుంది. ఆ గదిలో జనం నిండిపోయి చోటులేదంటే, పక్క గదిలో ఏ విచారణ నడుస్తోందో చూసి వెనక బల్ల మీద కూర్చోండి. ఫోన్లు ఆపేసి, చూయింగ్‌గమ్ బయటే పారేసి వెళ్ళండి.

మీ తాతయ్య