మందుకు దారి ఎవరు చెప్తారు?

చిన్నా, బుజ్జీ,

మాత్ర మింగితే నొప్పి తలలో ఉందో కాలిలో ఉందో దానికెలా తెలుస్తుందని మొన్న ఫోన్లో అడిగారు కదా. దానికేమీ తెలియదు నాన్నా. నెత్తుట్లో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. తలనొప్పి మాత్రకైతే ఫర్వాలేదు. కాన్సర్‌కు ఇచ్చే డాక్సోరుబిసిన్ అనే ఎర్రమందు అలా తిరిగితే గుండెనూ దెబ్బతీస్తుంది. అందుకే దాన్ని దేన్లోనైనా దాచి పంపాలి.

నా చిన్నప్పుడు వేసవి సెలవులకు ఉదయగిరి వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో గొర్రెలవెంట తిరిగేవాణ్ణి. మన నెల్లూరు జుడిపి గొర్రెలు, పొడుగు కాళ్లు, తెల్లటి ఒళ్లు, కళ్లచుట్టూ నలుపు. రోహిణి కార్తె ఎండకు చెట్టు లేని బీడులో ప్రతి గొర్రే పక్కదాని పొట్టకింద తల దూర్చేది. కాపరి అదిలించేవాడు కాదు, కుక్క మొరిగేది కాదు. చూస్తుండగానే తలలన్నీ లోపలికి, వీపులన్నీ బయటికి పెట్టి మంద గుండ్రంగా బిగుసుకునేది. అప్పుడు కాపరి పెద్దాయన సద్ది విప్పి నాకూ ఇంత సంగటి, ఓ ఉల్లిపాయ పెట్టేవాడు. ఆ రుచి... సరే, విషయానికొస్తా.

గుడ్డు పచ్చసొనలో, సోయాలో ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు అణువులుంటాయి. ఒక్కోదానికి ఒక తల, రెండు తోకలు. తలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు పడదు. గొర్రె తల దాచుకుంటే ఇది తోకలు దాచుకుంటుంది, అంతే తేడా. నీళ్లలో పడగానే తోకలు ఎదురెదురుగా పెట్టుకుని రెండు వరసలు కడతాయి. ఆ వరసలు చుట్టుకుని బంతి అవుతాయి. మధ్యలో కాసిని నీళ్లు మిగులుతాయి. మంద నడుమ గొర్రెపిల్ల నిలబడ్డట్టు మందు అక్కడుంటుంది. దీని పేరు లైపోసోమ్. మందు మోసేవి వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు ఉంటాయి. మీరు వరసలో నిలబడాలంటే సారు కేకెయ్యాలి, వీటికి ఆ కేక కూడా అక్కర్లేదు!

ఇంగ్లండులో అలెక్ బ్యాంగమ్ 1960లలో వీటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశాడు. ఎర్రమందును ఇలా దాచిన డాక్సిల్‌కు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాన్సర్ గడ్డల రక్తనాళాలకు సందులెక్కువ, వాటిలోంచి ఇవి లోపలికి జారతాయి. అన్నీ కాదు, చాలావాటిని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. గుండెకు దెబ్బ తగ్గింది కానీ అరిచేతులు, అరికాళ్ల చర్మం పొట్టు రేగే బాధ ఎక్కువైంది. 2021లో బ్లాక్ ఫంగస్‌కు దొరక్క జనం టెన్షన్‌తో పరుగులు పెట్టిన ఇంజెక్షన్ గుర్తుందా? లైపోసోమల్ యాంఫోటెరిసిన్, అదీ ఈ జాతిదే.

నీళ్లకూ తోకలకూ ఎందుకు పడదంటే చాలా చెప్పాలి. నాకైతే లెక్కలకన్నా ఆశ్చర్యమే ముందొస్తుంది. మీరే చూడండి. రెండు సీసాల్లో నీళ్లు, కాస్త నూనె పోసి, ఒకదాన్లో పచ్చసొన కూడా వెయ్యండి. మూత బిగించి బాగా ఊపి, అన్నం తిన్నాక వచ్చి ఏ సీసాలో నూనె తేలిందో చూడండి. పచ్చసొన సీసాలో ఉండేవి లైపోసోములు కావు, అవే అణువులు నూనె బొట్ల చుట్టూ ఒంటివరస కట్టి ఉంటాయి. సీసాలు మీరే కడగండి, అమ్మ మీదికి నెట్టకండి.

మీ తాతయ్య,
నెల్లూరు