ఇసుకలో పడుకున్న సొరచేప

కెనరీ దీవుల్లో స్కూబా డైవింగ్‌కి దిగేవాళ్లలో చాలామంది చూపు రాళ్ల మీదే ఉంటుంది. ఉండదా మరి! ఆఫ్రికాకి వాయవ్యంగా అట్లాంటిక్‌లో, అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి పుట్టిన దీవులివి, ఆ నల్లటి బండలే నీళ్లలోకి దిగి సందులుగా, గుహలుగా మారాయి, ప్రతి సందులో ఆక్టోపసో, పాములాంటి మొరే ఈల్ చేపో, పొడుగు ముళ్ల సీ అర్చినో కాపురం ఉంటుంది. అర్చిన్లు మరీ ఎక్కువైతే నాచంతా గీకి తినేసి బండని బోడి చేసేస్తాయి. అలా తెల్లగా పాలిపోయిన చోట్లని అక్కడివాళ్లు బ్లాంకిసాల్ అంటారు.

నాకు మాత్రం బండల మధ్య ఉన్న ఇసుకే ఇష్టం. పైనుంచి చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది, ఎరుపు రంగుని చాలావరకు నీళ్లే మింగేస్తాయి, అన్నీ ఒకే నీలంలో కలిసిపోయినట్టుంటాయి. కాళ్లకున్న ఫిన్స్ గట్టిగా ఆడించకుండా కాసేపు ఆగితే, దూరంగా గడ్డి మొలిచినట్టు ఉన్నది గడ్డి కాదని, గార్డెన్ ఈల్స్ అనే పాముల్లాంటి సన్నటి చేపలని తెలుస్తుంది. తోక బొరియలో ఉంచి, తల పైకెత్తి, ప్రవాహంలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని ఏరుకుంటూ ఉంటాయి. కాస్త దగ్గరికి వెళ్లామా, మొత్తం మడి మడంతా నేలలోకి దిగిపోతుంది.

అసలు చూడాల్సింది ఏంజెల్ షార్క్ అనే సొరచేపని. ముందు కనిపించేవి కళ్లు, వాటి వెనకే రెండు చిన్న కన్నాలు. తర్వాత మెల్లగా, టేకు చేపలా పరుచుకున్న పెద్ద ఒళ్లు ఇసుక కింద ఉందని అర్థమవుతుంది. ఊపిరి కోసం ఈదుతూనే ఉండాల్సిన సొరచేపలు కొన్ని ఉన్నాయి, దీనికి ఆ బాధ లేదు, ఆ కన్నాల్లోంచి నీళ్లు లాక్కుని మొప్పల మీదుగా వదిలేస్తుంది. అలా గంటలకొద్దీ పడుకుని, చేప ఏదైనా తల మీదుగా వెళ్తే చటుక్కున లేచి పట్టేస్తుంది.

ఒకప్పుడు ఇది నార్వే నుంచి వాయవ్య ఆఫ్రికా దాకా, మధ్యధరాలో కూడా మామూలుగా దొరికేది. సముద్రం అడుగుని ఊడ్చుకుపోయే ట్రాల్ వలల్లో, అడుగునే పడుకునే చేప ముందు పడుతుంది కదా, పైగా ఇది ఈనేదే కొద్ది పిల్లల్ని. ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేరింది. దాన్ని తరచుగా చూడగలిగే చోటు ఇంకా మిగిలి ఉందంటే అది కెనరీ దీవులే. ఆ దీవుల్లో ఒకటైన టెనెరిఫేలో లాస్ తెరెసితాస్ అనే బీచ్ ఉంది, 1970ల్లో సహారా నుంచి ఇసుక ఓడల్లో తెచ్చి పోసి తయారుచేసింది. మనుషులు స్నానాలు చేసే ఆ లోతులేని నీళ్లలోనే ఏంజెల్ షార్క్ పిల్లలు పెరుగుతున్నాయి!

కాబట్టి ఇసుక మీద మోకాళ్లు ఆనించకండి, కనిపిస్తే ముట్టుకోకండి. కనిపించకపోయినా నిరాశపడక్కర్లేదు, అది లేచి వెళ్లిన చోట రెక్కలు, తోకతో సహా దాని ఒంటి అచ్చు ఇసుకలో అలాగే ఉంటుంది, అలల ఊపు వచ్చి చెరిపేసేదాకా.