రవాణా ప్యాకింగ్ పరీక్షలు: మన సరిహద్దు జిల్లాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

బరంపురం అప్పడాలు, ఊరగాయలు, గంజాం, గజపతి జిల్లాల జీడిపప్పు, కోరాపుట్ కాఫీ వంటి సరుకులు మన ఒడిశా, ఆంధ్ర సరిహద్దు ప్రాంతం నుంచి దూరపు ఊళ్ళకు ఎక్కువగా అట్టపెట్టెల్లోనే వెళ్తాయి. ఆ పెట్టెలు దారిని తట్టుకుంటాయో లేదో ముందుగా పరీక్షించి చెప్పడం నా వృత్తి. బయటి రాష్ట్రాల కొనుగోలుదారులు, ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలు ‘ఇస్టా నివేదిక ఉందా’, అంటే ఇస్టా విధానం ప్రకారం రవాణా పరీక్ష చేయించారా అని అడగడం మొదలుపెట్టాక బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు వ్యాపారుల నుంచి నాకు ప్రశ్నలు ఎక్కువయ్యాయి. ఆ ప్రశ్నల వెనుక ఉన్న అపోహలు సరుకు నష్టానికి నేరుగా దారితీస్తున్నాయి కనుక వాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇస్టా ఒక ప్రభుత్వ కార్యాలయం. అట్టపెట్టెకు దాని సర్టిఫికెట్ ఒకసారి తెచ్చుకుంటే చాలు.

వాస్తవం: ఇంటర్నేషనల్ సేఫ్ ట్రాన్సిట్ అసోసియేషన్ అనే పేరుకు పొట్టి రూపమే ఇస్టా. ఇది లాభాపేక్ష లేని సభ్యత్వ సంఘం, ఏ ప్రభుత్వానికీ చెందినది కాదు. అమెరికాలో పింగాణీ పూత వేసిన గృహోపకరణాలు రవాణాలో దెబ్బతింటుండడంతో ఆ పరిశ్రమవారు 1948లో ఏర్పాటు చేసుకున్న కమిటీ దీనికి మూలం. పరీక్షా విధానాలను రూపొందించడం, ఎప్పటికప్పుడు సవరించడం, ప్రయోగశాలలకు గుర్తింపు ఇవ్వడం దాని పనులు. పరీక్షలను ఆ గుర్తింపు పొందిన ప్రయోగశాలలు చేస్తాయి.

అంతకన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, పరీక్ష ఖాళీ పెట్టెకు జరగదు. లోపల సరుకు పెట్టి, అడ్డు అట్టలు వేసి, టేపు అంటించి, లారీ ఎక్కించడానికి సిద్ధం చేసిన పెట్టెకే జరుగుతుంది. అందువల్ల సరుకు మారినా, సీసా మారినా, అట్ట మారినా, చివరికి నింపే పద్ధతి మారినా పాత నివేదిక కొత్త పెట్టెకు వర్తించదు, మళ్ళీ పరీక్ష చేయించాలి. పెట్టె తయారుచేసినవారు అడుగున వేసే ముద్ర ఆ అట్టకు సంబంధించిన కొలతలనే తెలుపుతుంది. అందులో మీ ఊరగాయ సీసా ప్రస్తావన ఉండదు.

అపోహ: ప్లైలు (అట్టలోని కాగితపు పొరలు) పెంచితే పెట్టెకు ఏమీ కాదు.

వాస్తవం: నాకు ఎక్కువగా ఎదురయ్యే అపోహ ఇదే కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అట్ట కొనేటప్పుడు మనవారు కాగితం జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్నది), బీఎఫ్ అడుగుతారు. బీఎఫ్ అనేది కాగితం చిరగకుండా ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెబుతుంది. పది వరుసల బరువు కింద అడుగు పెట్టె నిలబడుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి అట్ట అంచు మీద నిలువుగా నొక్కి చూసే ఈసీటీ పరీక్ష, పూర్తి పెట్టెను నొక్కి చూసే కంప్రెషన్ పరీక్ష జవాబు చెబుతాయి.

ఒక లెక్క చూడండి. పెట్టె పొడవు 400 మిల్లీమీటర్లు, వెడల్పు 300 మిల్లీమీటర్లు, అట్ట మందం 4 మిల్లీమీటర్లు, ఈసీటీ పరీక్షలో తేలిన అంచు బలం మీటరుకు 5 కిలోన్యూటన్లు అనుకుందాం. అట్ట మందాన్ని పెట్టె చుట్టుకొలతతో గుణించి, దాని వర్గమూలాన్ని అంచు బలంతోనూ 5.87తోనూ హెచ్చిస్తే పెట్టె మోయగల బరువు వస్తుంది. 1963 నుంచి పరిశ్రమలో వాడుకలో ఉన్న మెక్కీ సూత్రం ఇదే. మన పెట్టెకు సుమారు 2.2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 224 కిలోలు వస్తుంది. ఒక్కొక్కటి 12 కిలోల అప్పడాల పెట్టెలను పది వరుసలు పేరిస్తే అడుగు పెట్టె మీద పడేది 108 కిలోలే. రెట్టింపుకు మించిన బలం ఉందని వ్యాపారి ధీమాగా ఉంటాడు.

అయితే ఈ 224 కిలోలు 23 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమ ఉన్న ప్రయోగశాలలో, కొద్ది నిమిషాల నొక్కుడుకు వచ్చే అంకె. ఒకే బరువు కింద నెల రోజులు నిలిచిన పెట్టెకు ఆ బలంలో 60 శాతం మాత్రమే మిగులుతుందని పరిశ్రమ లెక్క. గాలిలో తేమ 90 శాతానికి చేరితే మిగిలిన దానిలో కూడా దాదాపు సగం పోతుంది. వానాకాలంలో బరంపురం, గోపాలపురం వైపు గోదాముల్లో ఆ తేమ అరుదు కాదు. రెండు తగ్గింపులనూ కలిపితే 224 కిలోలు 67 కిలోలకు దిగివస్తుంది. పది వరుసలు వేసిన చోట ఆరు వరుసలే నిలుస్తాయి. మూలకు మూల కలపకుండా ఇటుకల గోడ కట్టినట్టు మార్చి మార్చి పేరిస్తే బరువంతా మూలల మీద కాక బలహీనమైన పక్క గోడల నడిమి భాగం మీద పడి బలం ఇంకా తగ్గుతుంది. అట్ట లోపలి అలల పొర గాడులు నిలువుగా ఉండవలసిన పెట్టెను పక్కకు పడుకోబెట్టినా అంతే. ఐదు ప్లై అట్ట మొదటి అంకెను పెంచుతుంది. తేమ, కాలం, పేర్పు వల్ల కలిగే నష్టం దానికి కూడా అదే నిష్పత్తిలో జరుగుతుంది. ఇలాంటి సరుకుకు ప్లై పెంచడం కన్నా ముందు పెట్టెల కింద చెక్క పలకలు వేసి, వరుసలు తగ్గించి చూడమని చెబుతాను.

జీడిపప్పు సంగతి దీనికి భిన్నం. 11.34 కిలోల టిన్నులు రెండు పట్టే పెట్టెలో పైబరువును టిన్నులే మోస్తాయి, అట్టకు పెద్ద భారం ఉండదు. అప్పడాల ప్యాకెట్లు ఏ బరువూ మోయవు, భారమంతా అట్ట మీదే. ఒకే అట్ట ఒక సరుకుకు ఎక్కువై మరో సరుకుకు చాలకపోవడానికి కారణం ఇదే.

అపోహ: పెట్టెను ఒకసారి ఎత్తు నుంచి పడేసి చూస్తే పరీక్ష అయిపోయినట్టే.

వాస్తవం: ఇస్టా 1ఎ విధానం 68 కిలోల లోపు బరువున్న పెట్టెలకు ఉద్దేశించినది. అందులో పడవేత పది సార్లు ఉంటుంది: ఒక మూల మీద, ఆ మూల నుంచి బయలుదేరే మూడు అంచుల మీద, తర్వాత ఆరు ముఖాల మీద. ఎత్తు బరువును బట్టి మారుతుంది. 10 కిలోల లోపు పెట్టెకు 760 మిల్లీమీటర్లు, 10 నుంచి 19 కిలోల వరకు 610, 19 నుంచి 28 వరకు 460, 28 నుంచి 45 వరకు 310, ఆపైన 200. తేలిక పెట్టెను మనిషి భుజం మీంచి వేయగలడు, బరువైన దాన్ని నడుము దాటి ఎత్తడమే కష్టం. ఎత్తు తగ్గుతూ రావడానికి కారణం అదే. సరుకు పగిలినప్పుడల్లా హమాలీల అజాగ్రత్త అని తేల్చేయడం నాకు న్యాయంగా తోచదు. వాళ్ళ చేతుల మీదుగా పెట్టె ఏ ఎత్తు నుంచి జారవచ్చో ముందే తెలిసిన విషయం, దానికి తగిన పెట్టె ఇవ్వవలసింది పంపేవారు.

పడవేతకు ముందు అదే పెట్టె కుదుపు పరీక్ష దాటాలి. మనవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. బల్ల 25 మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ కదులుతుంది. పెట్టె అడుగున 1.5 మిల్లీమీటర్ల రేకు దూర్చగలిగేంతగా అది ఎగిరేవరకు వేగం పెంచి, 14,200 కుదుపులు పూర్తయ్యేదాకా నడుపుతారు. సెకనుకు నాలుగు చొప్పున అయితే దాదాపు గంట. ఊరగాయ సీసాల బలహీనత ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది. ఒక్క సీసా పగలకుండానే మూత వదులై నూనె కారుతుంది, ఆ నూనె అట్టలోకి ఇంకుతుంది, మెత్తబడిన పెట్టె తర్వాతి పడవేతలో విచ్చుకుంటుంది. లేబుళ్ళు ఒరుసుకుని అక్షరాలు చెరిగిపోవడం కూడా కుదుపుల వల్లే. మూతను ఒకే బిగింపుతో వేయడం, సీసాకు సీసాకు మధ్య ఖాళీ లేకుండా అడ్డు అట్ట అమర్చడం వంటి ఖర్చు తక్కువ మార్పులతోనే చాలా పెట్టెలు రెండోసారి నిలబడతాయి.

అపోహ: ‘గాజు సామాను, జాగ్రత్త’ అని అచ్చు వేస్తే చాలు.

వాస్తవం: గ్లాసు, గొడుగు, పై దిక్కు బాణాల బొమ్మలు వేయడం మంచిదే. పరీక్షలో మాత్రం బొమ్మ ఉందని ఎత్తు తగ్గించరు.

అపోహ: విదేశీ పరీక్షలు మన ఘాటు రోడ్లకు పనికిరావు.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది. ఇస్టా విధానాల్లో 1ఎ వంటివి ఉన్న 1 సిరీస్ ఏ ప్రత్యేకమైన దారినీ అనుకరించదు, పెట్టెకు కనీస గట్టితనం ఉందా అని మాత్రమే చూస్తుంది. 3 సిరీస్ సాధారణ రవాణా పరిస్థితులను అనుకరిస్తుంది. 4 సిరీస్‌లో మీ దారికి తగినట్టు పరీక్షను కూర్చుకోవచ్చు. లారీలో కుదుపులను నమోదుచేసే పరికరం పెట్టి కోరాపుట్ నుంచి సుంకి, సాలూరు మీదుగా విజయనగరం వరకు పంపితే ఆ దారి ఎలాంటిదో అంకెల్లోనే తెలుస్తుంది. పూర్తిగా నింపిన రవాణా ప్యాకేజీల పనితీరు పరీక్షలకు మన దేశపు ఐఎస్ 7028 ప్రమాణం కూడా ఉంది. కొనుగోలుదారు ప్రత్యేకంగా ఇస్టా అని అడగకపోతే దాన్ని అనుసరించడంలో తప్పు లేదు.

ఘాటు దారికి సంబంధించి కుదుపులు కాక మరో సంగతి ఉంది, దాన్ని ఎక్కువమంది గమనించరు. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి బరంపురంలో కన్నా దాదాపు పదో వంతు తక్కువ. తీరంలో గాలి నింపి సీలు వేసిన చిరుతిండి ప్యాకెట్లు ఘాటు ఎక్కేసరికి ఉబ్బి, ఇరుకు పెట్టెను లోపలి నుంచి తోస్తాయి, బలహీనమైన సీళ్ళు విడిపోతాయి. 1ఎ లో ఈ పరీక్ష లేదు. అలాంటి సరుకు పంపేవారు తక్కువ గాలి ఒత్తిడి పరీక్షను విడిగా అడగాలి.

అపోహ: ఇవన్నీ పెద్ద కంపెనీలకు తప్ప మనకు అందవు.

వాస్తవం: 1966లో ముంబయిలో స్థాపించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు కోల్‌కతా, హైదరాబాద్‌లలో కేంద్రాలున్నాయి. ప్రైవేటు ప్రయోగశాలలు కూడా ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా ఆ ప్రయోగశాలకు ఇస్టా గుర్తింపు ప్రస్తుతం అమలులో ఉందా, నివేదిక ఏ విధానం ప్రకారం, ఆ విధానపు ఏ సంవత్సరపు ప్రతి ప్రకారం ఇస్తారు అన్నవి ముందే రాతపూర్వకంగా అడగండి. కొనుగోలుదారు 3ఎ అడిగితే 1ఎ నివేదిక చెల్లదు. పంపే ముందు పైన చెప్పిన ఎత్తుల నుంచి మీ గోదాములోనే పెట్టెను వేసి చూసుకోండి. అది నివేదిక కాదు గానీ, పైకి కనబడే లోపాలను అక్కడే సరిచేసుకుంటే ప్రయోగశాలలో రెండోసారి రుసుము కట్టే అవసరం తగ్గుతుంది. నమూనా పెట్టెను యజమాని స్వయంగా శ్రద్ధ తీసుకుని కట్టవద్దు. రోజూ నింపే మనిషి చేతనే, రోజూ వాడే టేపుతోనే, ఆ రోజు సరుకులోంచి తీసిన పెట్టెనే పంపండి.