ఎత్తుకుపోలేదు, లేచిపోలేదు: ఆడపిల్లల అక్రమ రవాణా మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఒకే వాయిస్ మెసేజ్ నాకు పదకొండు మంది పంపారు. నెల్లూరు చుట్టుపక్కల తెల్ల వ్యాన్ ఒకటి తిరుగుతోందట, స్కూలు వదిలే వేళకి ఆడపిల్లల మీద మత్తుమందు చల్లి ఎక్కించుకుపోతున్నారట. మాట్లాడింది ఎవరో తెలియదు. ఏ ఊళ్లో జరిగిందో చెప్పలేదు. తేదీ లేదు. "మేడం, ఇది నిజమేనా?" అని అందరిదీ ఒకటే ప్రశ్న.

అదే వారం ఒంగోలు నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. పదహారేళ్ల కూతురు ఇంట్లోంచి పోయి అప్పటికి ఆరు రోజులు. స్టేషన్‌కి వెళ్లారా అని అడిగితే లేదంది. "ఎవరూ ఎత్తుకుపోలేదు మేడం. అదే బ్యాగు సర్దుకొని పోయింది. ఏ మొహం పెట్టుకొని కేసు పెట్టమంటారు?"

ఈ రెండు జిల్లాల్లో పదమూడేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. రెస్క్యూ అయి హోంకి వచ్చిన పిల్లలతో కూర్చొని మాట్లాడటం నా పని. ఇన్నేళ్లలో నా దగ్గరకు వచ్చినవాళ్లలో మత్తుమందు చల్లి వ్యాన్‌లో ఎత్తుకెళ్లిన పిల్ల ఒక్కతీ లేదు. అందరూ బ్యాగు సర్దుకొని పోయినవాళ్లే.

మన ఊళ్లల్లో ఆడపిల్ల కనపడకపోతే చెప్పుకోవడానికి రెండే మాటలున్నాయి. ఒకటి 'ఎత్తుకుపోయారు', రెండోది 'లేచిపోయింది'. మొదటిదైతే ఊరంతా కర్రలు పట్టుకొని బయలుదేరుతుంది. రెండోదైతే తలుపులేసుకుంటారు. నేను చూసే కేసులు ఈ రెండింట్లో దేంట్లోనూ ఇమడవు. నమ్మించి తీసుకుపోవడం వాటి పేరు, కానీ ఆ మాట ఎవరి నోటా రాదు.

అపోహ: తెలియనివాళ్లే పిల్లల్ని ఎత్తుకుపోతారు

2018లో ఇలాంటి ఫార్వర్డులతోనే ఊళ్లకు ఊళ్లు రాత్రుళ్లు కాపలా కాశాయి. మతిస్థిమితం లేనివాళ్లు, అడుక్కునేవాళ్లు తన్నులు తిన్నారు. ఆ ఏడాది జూలైలో బీదర్ జిల్లాలో, పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారన్న పాపానికి హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్ల మీద పడి కొట్టారు. ఒక ఇంజనీర్ చనిపోయాడు. వాయిస్ మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు అది గుర్తు తెచ్చుకోండి.

నా కేసుల్లో తీసుకుపోయినవాళ్లు ఎవరంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు నెలలుగా మాట్లాడుతున్న అబ్బాయి, పెద్దమ్మ వరసయ్యే మనిషి, ఇంతకు ముందు అదే ఊరి నుంచి వెళ్లి మంచి చీరలు కట్టుకొని తిరిగొచ్చిన అమ్మాయి, పనులు ఇప్పించే మేస్త్రీ. ఆడవాళ్లు కూడా ఉంటారు, బాగానే ఉంటారు. ఆడమనిషి తోడుంది కదా అని పంపినవాళ్లు ఎందరో.

ఒంగోలు తల్లికి నా నంబర్ ఇచ్చింది ఆమె తమ్ముడు. నాకు వ్యాన్ మెసేజ్ పంపిన పదకొండు మందిలో ఆయన ఒకరు. ఆ మెసేజ్ పంపిన రోజుకి మేనకోడలు ఇంట్లో లేక మూడు రోజులైంది. ఆ సంగతి అక్క ఆయనకి కూడా చెప్పలేదు.

అపోహ: తనే ఇష్టపడి వెళ్లింది, ఇంక మనమేం చేస్తాం

అన్నిటికంటే ఎక్కువ మంది పిల్లల్ని నష్టపరిచేది ఈ మాట. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

వెళ్లిన మాట నిజమే. చెయ్యి పట్టి ఎవరూ లాగలేదు. తనంతట తాను నడిచి వచ్చేటట్టు చెయ్యడమే వాళ్ల పని. ఈడ్చుకుపోతే పిల్ల అరుస్తుంది, బస్సులో పదిమంది చూస్తారు. నమ్మిన పిల్లయితే టికెట్ తనే కొనుక్కుంటుంది, అమ్మకి అబద్ధం తనే చెప్తుంది, ఫోన్ తనే స్విచాఫ్ చేస్తుంది.

ఒక కేసు చెప్తాను, ఆనవాళ్లు మార్చాను. కనిగిరి వైపు పల్లె. అమ్మానాన్న బెంగుళూరులో బేల్దారి పని, పిల్ల అవ్వ దగ్గర. టెన్త్ అయింది, ఇంటర్‌లో చేర్చలేదు. వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో ఏడుపు పాటల స్టేటస్‌లు పెట్టేది. ఆ స్టేటస్ చూసే ఒక అబ్బాయి పలకరించాడు. అందం చూసి కాదు, ఒంటరితనం చూసి. వాళ్లు వెతికేది దాన్నే. ఇంట్లో గొడవలా, తండ్రి తాగుతాడా, చదువు ఆగిపోయిందా, పిల్ల మాట వినే మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా.

రెండు నెలలు వాడు ఏమీ అడగలేదు. తల్లిదండ్రులకు మింగుడుపడనిది ఇదే. "చెడ్డవాడైతే ముందే అడగడా?" అంటారు. అడగడు. వింటాడు. తిన్నావా అంటాడు. రీఛార్జ్ చేయిస్తాడు. పుట్టినరోజుకి ఫోన్ ఇచ్చాడు, పిల్ల దాన్ని బియ్యం డ్రమ్ములో దాచుకుంది. అప్పటికి ఇద్దరికీ కలిసి ఒక రహస్యం తయారైంది. తర్వాత స్నేహితురాళ్ల మీద చెప్పడం మొదలుపెట్టాడు, వాళ్లకి నువ్వంటే కుళ్లు అని. ఆ తర్వాత 'మా అక్క' అంటూ ఒకామె ఫోన్లో మాట్లాడింది, మా ఇంటి కోడలివి అంది. ఫోటో అడగడం ఆ తర్వాత. చెన్నైలో బట్టల షాపులో ఉద్యోగం, ఆర్నెల్లలో పెళ్లి అనడం ఇంకా తర్వాత. ఒంగోలు బస్టాండ్‌కి పిల్ల ఒక్కతే వచ్చింది.

చెన్నైలో మూడు రోజులు బిర్యానీ, బీచ్, కొత్త డ్రస్సులు. నాలుగో రోజు లెక్క చెప్పారు. రీఛార్జ్ నుంచి బిర్యానీ దాకా ఎనభై వేలట. అప్పుడు వాడు తిట్టలేదు, కొట్టలేదు. ఏడ్చాడు. అప్పులవాళ్లు నన్ను చంపేస్తారు, నా కోసం ఒక్కసారి అన్నాడు.

ఎప్పుడు అనుమానం వచ్చిందమ్మా అని అడిగితే ఆ పిల్ల నాతో అన్న మాట: "అప్పుడు కూడా రాలేదు మేడం. పాపం అనుకున్నా."

ఇక్కడ ఊళ్లో ఏం జరిగింది? లేచిపోయింది అన్నారు. తండ్రి బెంగుళూరు నుంచి వచ్చాడు. కూతురు నంబర్ నుంచి ఒకసారి ఫోన్ వస్తే ఎత్తి, "మాకు కూతురు లేదు, ఇటు రాబాక" అని పెట్టేశాడు. ఆ మాట అవతల రికార్డయింది. పిల్ల ఇంటికి పోతానన్నప్పుడల్లా వాళ్లు అదే వినిపించారు. గదికి తాళం వేయాల్సిన పని లేకుండా పోయింది. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. తర్వాత హోం గేటు దగ్గర కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాడు. పరువు పోయిందన్న కోపంలో అన్న మాట అది. కానీ ఎవరికి పనికొచ్చిందో చూడండి.

చట్టం ఈ విషయంలో మన ఊళ్ల కంటే తెలివిగా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల 'ఇష్టపడింది' అన్న మాటకు పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన 2012 నాటి పోక్సో చట్టం ముందు విలువ లేదు. అక్రమ రవాణా నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో ఉంది. 2024 జూలై 1కి ముందు అదే ఐపీసీ 370. మోసం చేసి, ఆశ చూపించి తీసుకెళ్లడం కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది చూడక్కర్లేదని అందులోనే రాశారు. ఆమెకి పాతికేళ్లున్నా అంతే.

అపోహ: తాళం లేదు, చేతిలో ఫోన్ ఉంది, పారిపోవచ్చు కదా

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఈ ప్రశ్న నేనూ అడిగాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. "మరి ఎందుకు పారిపోలేదమ్మా?" అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది, మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ ప్రశ్నలో తప్పు తనదే అన్న అర్థం ఉందని నాకంటే ముందు తనకి తెలిసింది.

ఎందుకంటే, ఫోటోలు వాళ్ల దగ్గరున్నాయి. చెల్లెలు ఏ స్కూల్లో చదువుతుందో వాళ్లకి తెలుసు, ఆ వివరం పిల్లే ప్రేమగా చెప్పింది. నువ్వు కూడా కేసులో ఉన్నావు, పోలీసులు ముందు నిన్నే పట్టుకుంటారు అని రోజూ చెప్తారు. ఆధార్ కార్డు తీసుకుంటారు. కొన్ని వారాలకొకసారి ఊరు మారుస్తారు, ఏ భాష మాట్లాడేచోట ఉందో తెలుసుకునేలోపు ఇంకో ఊరు. అప్పు మాత్రం తరగదు, అద్దె, తిండి, మందులు అన్నీ దాని మీదే ఎక్కుతాయి. కొన్నిచోట్ల పిల్ల చేతే ఇంకో పిల్లకి ఫోన్ చేయిస్తారు. ఒకసారి ఆ పని చేశాక, తను బాధితురాలినని అనుకోదు, నేరస్తురాలినే అనుకుంటుంది.

వీటన్నిటినీ మించింది ఇంకొకటి. కొట్టిన మనిషే సాయంత్రం అన్నం కలిపి పెడతాడు. ఆ ఊళ్లో తనతో తెలుగు మాట్లాడే మనిషి వాడొక్కడే. హోంకి వచ్చాక కూడా రాత్రిళ్లు వాడికి ఫోన్ చేస్తానని ఏడ్చే పిల్లలున్నారు. చూసినవాళ్లు "బుద్ధి రాలేదు దీనికి" అంటారు. బుద్ధికి సంబంధించింది కాదండీ అది. దెబ్బకీ ముద్దకీ మధ్య నెలల తరబడి ఊగిన మనసు అంత తొందరగా నిలబడదు.

మిగిలినవి త్వరగా

'ఇరవై నాలుగు గంటలు ఆగాలి' అన్నది అబద్ధం. పిల్లలు కనపడటం లేదని ఫిర్యాదు వస్తే, ఎత్తుకెళ్లడమో అక్రమ రవాణానో జరిగిందనే భావించి ఎఫ్.ఐ.ఆర్. రాయాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. మా పరిధి కాదు అన్నా ఒప్పుకోవద్దు. జీరో ఎఫ్.ఐ.ఆర్. ఏ స్టేషన్‌లోనైనా రాయాలి. ఒక స్టేషన్‌లో నా ముందే "చుట్టాలిళ్లల్లో రెండు రోజులు వెతుక్కొని రాండి" అన్నారు. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై. రెండు రోజుల్లో ఎక్కడుంటుంది పిల్ల? అలా అంటే అక్కడే నిలబడి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఎమర్జెన్సీ నంబర్ 112కి గానీ ఫోన్ చెయ్యండి.

'పేదిళ్ల పిల్లలకే' అన్నదీ నిజం కాదు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్ నుంచి వచ్చిన అమ్మాయితో కూడా మాట్లాడాను. మగపిల్లల మీదా ఇది జరుగుతుంది, వాళ్లు ఇంకా తక్కువ చెప్తారు.

'రెస్క్యూ అయితే అయిపోయినట్టే' అంటారు. ఇరవై నాలుగు గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచడంతో మొదలవుతుంది అసలు పని.

అపోహ: కేసు పెడితే పేరు పేపర్లో వస్తుంది

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇంకో కూతురి పెళ్లి ఉన్న తల్లి ఈ మాట అంటే ఆమె మీద కోపం రాదు. కానీ తెలుసుకోండి. బాధిత పిల్ల పేరు, ఫోటో, ఊరు, స్కూలు, తల్లిదండ్రుల వివరాలు, ఏవి బయటపెట్టినా పోక్సో ప్రకారం నేరం. వాంగ్మూలం ఇంటి దగ్గరే ఇవ్వొచ్చు, లేదా పిల్ల కోరిన చోట. వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లని స్టేషన్‌లో ఉంచకూడదు. విచారణ జనం ముందు జరగదు. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అక్కడ లాయర్‌ని కూడా ఉచితంగా ఇస్తారు.

నేను చూసినంతలో పేరు బయటపడింది పేపర్ వల్ల కాదు. 'మన పాప మిస్సింగ్, షేర్ చెయ్యండి' అని చుట్టాల గ్రూపులో పెట్టిన ఫోటో, పిల్ల దొరికాక కూడా నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. దొరికిన వెంటనే ఆ పోస్టులు తీయించండి.

ఫోన్ గురించి

ఒంగోలు తల్లి ఏడో రోజు కేసు పెట్టింది. ఈలోపు పిల్ల అన్న ఒక పని చేశాడు. చెల్లెలి ఇన్‌స్టాలోకి ఇంట్లో ట్యాబ్ నుంచి లాగిన్ అయి, వాణ్ణి బండబూతులు తిట్టి, చాట్ మొత్తం డిలీట్ చేశాడు, అమ్మ చూస్తే తట్టుకోలేదని. అరగంటలో అవతలివాడు అకౌంట్ మూసేశాడు. సాక్ష్యం రెండువైపులా పోయింది. ఆ అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, తిట్టడానికి నాకు మనసు రాలేదు.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే ఫోన్ పగలగొట్టకండి, సిమ్ విరవకండి, అవతలివాడితో మాట్లాడకండి. వాడి యూజర్ నేమ్, ఫోన్ నంబర్, డబ్బులు పంపిన యూపీఐ వివరాలు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌తో సహా స్టేషన్‌లో ఇవ్వండి. ఫోటోలు నెట్‌లో పెడతామని బెదిరిస్తుంటే, పద్దెనిమిది నిండని పిల్లల కోసం 'టేక్ ఇట్ డౌన్' అని ఒక ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ పోదు, దాని గుర్తు సంఖ్య మాత్రమే వెళ్తుంది, ఇన్‌స్టా లాంటి చోట్ల ఆ ఫోటో ఎవరైనా పెడితే దాంతో పట్టుకొని తీసేస్తారు. పిల్లతోనే కూర్చొని చెయ్యండి.

ఆ అమ్మాయి పంతొమ్మిదో రోజు దొరికింది. ట్యాబ్‌లో డిలీట్ అయినవి పోగా, నోట్స్ పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకున్న 'అక్క' నంబర్ ఒకటి మిగిలింది. దాని ద్వారానే.