విశాఖ చేపల బొమ్మలు అందరికీ ఎలా అందాయి, కొత్తవి ఎందుకు అందడం లేదు

చేపల గురించో గుండె నిర్మాణం గురించో తెలుగులో చదువుదామని ఇంటర్నెట్ తెరిస్తే, వ్యాసం ఎలాగో దొరుకుతుంది. పక్కనున్న బొమ్మలో పేర్లు మాత్రం ఇంగ్లీషులో ఉంటాయి. చాలాసార్లు బొమ్మే ఉండదు. విశాఖపట్నంలో కూర్చుని చూస్తే ఈ లోటు మరీ బాధిస్తుంది. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. జువాలజీ చదివే ప్రతి విద్యార్థీ రికార్డు నిండా పెన్సిల్‌తో బొమ్మలు గీసి, లేబుళ్లు రాసి, లెక్చరర్ చేత సంతకం పెట్టించుకోవాల్సిందే. పరీక్షలు అయిపోయాక ఆ రికార్డుల్లో చాలా వరకు అటకెక్కుతాయి, లేదా పాత పేపర్ల వాడికి వెళ్తాయి. ఎవరైనా వాడుకోగలిగే ఉచిత భాండాగారంలో అవి ఎందుకు చేరవు?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళ్తే రెండు వందల ఏళ్లు దాటి వెనక్కి, మళ్లీ విశాఖకే వస్తాం.

1780ల్లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఇక్కడ ఉండేవాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పో నగరంలో పనిచేశాడు. తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖలో అధికారి కావడంతో ఆయన వెంట వచ్చాడు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ చనిపోయాక ఆ బాధ్యత రస్సెల్‌కి వచ్చింది. పాముకాటు మరణాలు ఆయన్ని బాగా కదిలించాయి. ఏ పాముకి విషం ఉంది, దేనికి లేదు అన్నది చూడగానే తెలియాలంటే మంచి బొమ్మలు కావాలి. అలా తయారైన పాముల పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. 1803లో చేపల పుస్తకం రెండు సంపుటాలుగా వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలు అని దాని పేరులోనే ఉంది.

ఆ పేజీలు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. ఒక్కో చేపకు పొలుసులు, రెక్కల ముళ్లు అన్నీ కనిపించేలా పెద్ద బొమ్మ. దానితో పాటు ఈ తీరంలో జనం పిలిచే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో: నల్ల చందువ, తెల్ల చందువ, పాల సొర. పాముల పుస్తకంలో కాటుక రేకుల పొడ, బంగారు పాము. ఇవాళ ఫిషింగ్ హార్బర్‌లో వినపడే మాటలే అప్పుడూ ఆయన చెవిన పడ్డాయన్నమాట. కాటుక రేకుల పొడ అంటే మన రక్తపింజరే. దాని శాస్త్రీయ నామంలో రస్సెల్ పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. పాముని పట్టి తెచ్చినవాళ్లు, చేపని వల నుంచి తీసి ఇచ్చినవాళ్లు, దగ్గర కూర్చుని బొమ్మ వేసిన స్థానిక చిత్రకారులు ఎవరో పుస్తకాల ముఖపత్రం చూస్తే తెలియదు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను బాగా బాధపెట్టే విషయం ఇది.

అదే కాలంలో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల గురించి ఆయన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా, మూడు వందల పటాలతో వచ్చింది. వాటిలోనూ తెలుగు పేర్లు కనిపిస్తాయి.

ఇవన్నీ ఖరీదైన పెద్ద పుస్తకాలు. లండన్‌లోనో ఎడింబరోలోనో పెద్ద గ్రంథాలయాలకు వెళ్లగలిగినవాళ్లే చూశారు. చేపలు పట్టిన ఊరివాళ్లకి ఆ బొమ్మలు కంటపడలేదు. 2006లో ప్రపంచంలోని పెద్ద ప్రకృతి శాస్త్ర గ్రంథాలయాలు కొన్ని కలిసి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ మొదలుపెట్టి, పాత పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా ఇవ్వడంతో పరిస్థితి మారింది. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయిన పుస్తకాలు కాబట్టి అడ్డేమీ లేకపోయింది. స్కాన్ చేసినవాళ్లకు కొత్త హక్కు వస్తుందా అన్న తగువుకి కూడా 1999లో న్యూయార్క్ కోర్టు ఒకటి సమాధానం చెప్పింది: పాత చిత్రానికి ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే కొత్త కాపీరైట్ పుట్టదు. మిగతా దేశాల్లో చట్టాలు వేరుగా ఉండొచ్చు, కానీ ఇంటర్నెట్‌లోని ఉచిత భాండాగారాలకు ఆ తీర్పు పెద్ద అండ అయింది.

అలాంటి భాండాగారాల్లో ముఖ్యమైనది వికీమీడియా కామన్స్. 2004 సెప్టెంబరులో మొదలైంది. అప్పటిదాకా ఒకే బొమ్మను ఒక్కో భాష వికీపీడియాలో వేరువేరుగా ఎక్కించాల్సి వచ్చేది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాకీ అదే అవస్థ. కామన్స్ వచ్చాక ఒకచోట పెడితే అన్ని భాషలకూ పనికొస్తోంది. ఇప్పుడు అందులో 10 కోట్లకు పైగా ఫైళ్లు ఉన్నాయి.

పాతవాటి సంగతి ఇలా తేలింది. చిక్కంతా కొత్తవాటితోనే.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణమే హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేయించక్కర్లేదు, పక్కన గుర్తు వేయక్కర్లేదు. గీసినవాళ్లు బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అది ఉంటుంది. అంటే ఈ ఏడాది మద్దిలపాలెంలో ఒక డిగ్రీ విద్యార్థిని రికార్డులో గీసిన రొయ్య బొమ్మను, ఆమె ఏమీ చెప్పకపోతే, ఇంకొకరు స్వేచ్ఛగా వాడుకోవడానికి బహుశా వచ్చే శతాబ్దం దాకా ఆగాలి. ఆమెకు అభ్యంతరం ఉండి కాదు, అడిగినవాళ్లు లేక.

తమ బొమ్మను ఎవరు ఏ షరతులతో వాడుకోవచ్చో గీసినవాళ్లే ముందుగా చెప్పేసే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు పుట్టింది ఈ మౌనాన్ని తొలగించడానికే. లారెన్స్ లెసిగ్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్, ఆయన మిత్రులు 2001లో సంస్థ పెట్టి, 2002 డిసెంబరులో మొదటి లైసెన్సులు విడుదల చేశారు. వాటి గురించి అందరూ ఎక్కువగా అపార్థం చేసుకునేది ఒకటుంది. స్వేచ్ఛా లైసెన్స్ ఇస్తే బొమ్మ వదిలేసుకున్నట్టు అనుకుంటారు. హక్కు గీసినవాళ్లదే. ఈ లైసెన్సుల్లో ఒకటైన సీసీ బై (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్) కింద ఎవరు వాడుకున్నా గీసినవాళ్ల పేరు చెప్పి తీరాలి. రస్సెల్ కాలపు చిత్రకారులకు దక్కనిది సరిగ్గా ఇదే. అందుకే ఈ లైసెన్సుని దానంగా చూడడం నాకు నచ్చదు. పేరు నిలబెట్టుకునే పద్ధతిగా చూడాలి.

పేరు కూడా అడగకుండా పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో 2020లో చూశాం. ఎర్రటి ముళ్లున్న బూడిదరంగు బంతిలాంటి కరోనా వైరస్ బొమ్మ గుర్తుందా? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో అలీసా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ దాన్ని తయారు చేశారు. అక్కడి ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా చేసినదానికి ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. మన టీవీల దాకా అది అంత త్వరగా రావడానికి అదో కారణం.

విశాఖలో అధ్యాపకులతో ఈ మాట ఎత్తితే మొదట వచ్చే టెన్షన్ గైడ్ల గురించి. మనం గీసింది ఎవరో గైడ్లలో వేసి అమ్ముకుంటారేమో అని, వ్యాపారానికి వాడకూడదనే షరతున్న లైసెన్స్ ఎంచుకుంటారు. వికీమీడియా కామన్స్ దాన్ని తీసుకోదు. పత్రికైనా, పాఠ్యపుస్తకం వేసే ప్రచురణకర్తైనా వాడుకోగలిగినదే అక్కడ ఉండాలన్నది నియమం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ బొమ్మను మార్చి వాడేవాళ్లు తమ మార్పునూ అదే లైసెన్స్ కింద ఇవ్వాలనే బై ఎస్ఏ లైసెన్స్ ఉండగా, ఎవరో నాలుగు రూపాయలు సంపాదిస్తారని పిల్లలందరికీ దూరం చేయడం సబబు కాదు.

ఇంకో అడ్డంకి పరిశోధన పత్రాలది. కాపీరైట్‌ని జర్నల్‌కి రాసిచ్చేశాక తన బొమ్మనే తాను పంచడానికి పరిశోధకుడికి అనుమతి కావాలి. 2003లో మొదలైన ప్లాస్ బయాలజీ లాంటి జర్నళ్లు సీసీ బై కింద ప్రచురిస్తాయి కాబట్టి వాటిలోని బొమ్మలు నేరుగా కామన్స్‌కి వెళ్లగలవు. ఉద్యోగంలో భాగంగా గీసినవి అయితే వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు యజమానిది. కాబట్టి అధ్యాపకులు సంస్థ అనుమతి తీసుకోవడం మంచిది. విద్యార్థికి సాధారణంగా ఆ సమస్య ఉండదు.

మూడోది అక్షరాల గొడవ. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లు నడిచాయి. వాటితో పెట్టిన తెలుగు లేబుళ్లు వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో టైప్ చేసి, గీతలనూ అక్షరాలనూ విడివిడిగా ఉంచే ఎస్‌వీజీ ఫైలుగా భద్రపరిస్తే ఆ బాధ లేదు. బొమ్మ ముట్టుకోకుండా లేబుళ్లు మాత్రమే మార్చవచ్చు. కామన్స్‌లో ఇప్పటికే ఉన్న అలాంటి బొమ్మలకు తెలుగు పేర్లు చేర్చడానికి బొమ్మలు గీయడం రానవసరం లేదు, సబ్జెక్ట్ తెలిస్తే చాలు.

సొంతంగా గీసేవాళ్లు పాఠ్యపుస్తకంలోని బొమ్మను చూసి దించితే అది వాళ్లది కాదు, కామన్స్‌లో తీసేస్తారు. చేప మొప్పలు ఎలా ఉంటాయన్న వాస్తవం మీద ఎవరికీ హక్కు లేదు. హార్బర్ నుంచి ఒక చందువ తెచ్చుకుని, ఎదురుగా పెట్టుకుని గీస్తే ఆ బొమ్మ పూర్తిగా గీసినవాళ్లదే. అప్‌లోడ్ చేసేటప్పుడు గీసినవారి పేరు, తేదీ, చేప దొరికిన చోటు, తెలుగులో ఈ తీరంలో పిలిచే పేరు రాసి, లైసెన్స్ ఎంచుకోవాలి.