పిస్టన్ కొట్టే దెబ్బ ఎటు పోతుంది?

బండి వణుకుతోందంటే ఎక్కడో ఏదో లూజైందనో, కంపెనీవాడు ఇంజిన్ సరిగ్గా చెయ్యలేదనో అనేస్తాం. సింగిల్ సిలిండర్ బండిని అలా అనడం అన్యాయం, అన్నీ కొత్తవే అయినా, ప్రతి బోల్టూ టైటుగా ఉన్నా అది వణకాల్సిందే. సిలిండర్ లోపల ఆడే పిస్టన్ పైకెళ్లి ఆగాలి, వెనక్కి తిరగాలి, కిందకొచ్చి మళ్లీ ఆగాలి. 6000 ఆర్పీఎంలో, అంటే నిమిషానికి 6000 చుట్లలో, సెకనుకి 200 సార్లు ఇదే పని.

స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందకి పోయే దూరం) 60 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని కింది క్రాంక్‌కి కలిపే కడ్డీ) 110, పిస్టన్ 200 గ్రాములు అనుకుని లెక్కేస్తే, 6000 ఆర్పీఎంలో పైన తిరిగేటప్పుడు దాని మీద పడే బలం దాని బరువుకి సుమారు 1500 రెట్లు. అంటే 300 కిలోలు, అరచేతిలో పట్టే అల్యూమినియం ముక్క మీద! ఆర్పీఎం రెట్టింపైతే ఇది నాలుగు రెట్లవుతుంది. ఆ దెబ్బంతా రాడ్, క్రాంక్ (పిస్టన్ ఊపుని గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసు), ఇంజిన్ కేస్, ఫ్రేము మీదుగా మన అరచేతుల్లోకి వస్తుంది.

మరి క్రాంక్‌కి ఎదురు బరువు పెడితే సరిపోదా అంటే, పెడతారు, కానీ చిక్కంతా అక్కడే ఉంది. పిస్టన్ పైకీ కిందకీ మాత్రమే పోతుంది, ఆ బరువేమో గుండ్రంగా తిరుగుతుంది. పిస్టన్ పైనున్నప్పుడు అది కింద ఉండి బ్యాలెన్స్ చేస్తుంది సరే, పావు చుట్టు తిరిగాక అదే బరువు ముందుకో వెనక్కో లాగుతుంటే దాన్ని ఆపేవాళ్లెవరూ ఉండరు. పూర్తి బరువు పెడితే నిలువు వణుకు పోయి అంతే అడ్డం వణుకు వస్తుంది, అందుకే చాలావరకు సగానికి దగ్గర్లో పెట్టి రాజీ పడతారు. మిగతా సగం కోసమే బ్యాలెన్సర్ షాఫ్ట్: క్రాంక్ స్పీడుతోనే, కానీ ఎదురు దిక్కులో తిరిగే ఇంకో బరువు. రెండింటి నిలువు బలం కలిసి పిస్టన్‌ని అడ్డుకుంటుంది, అడ్డం బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 2020లో మీటియోర్ 350తో వచ్చిన కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజిన్ పాత బుల్లెట్ కంటే అంత నున్నగా ఉండటానికి పెద్ద కారణం ఈ షాఫ్టే.

అయినా కథ అయిపోలేదు. పైనుంచి క్రాంక్ పావు చుట్టు తిరిగేసరికి పిస్టన్ సగం దూరం, అంటే 30 మిల్లీమీటర్లు రావాలి కదా? రాడ్ వాలుతుంది కాబట్టి 34 వచ్చేస్తుంది, మిగతా పావులో 26 మాత్రమే. అంటే పై సగంలో హడావిడి, కింది సగంలో నిదానం, పైన 300 కిలోల దెబ్బ కింద 175 దాకా పడిపోతుంది. ఈ తేడా వల్లే క్రాంక్ స్పీడుకి రెట్టింపు వేగంతో ఇంకో సన్నటి వణుకు పుడుతుంది, దాన్నే సెకండరీ అంటారు. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్లో రెండు పిస్టన్లు పైకీ రెండు కిందకీ పోతూ పెద్ద వణుకుని చంపేసుకుంటాయి గానీ ఈ సెకండరీలు మాత్రం నాలుగూ ఒకే వైపు కలిసిపోతాయి, అందుకే నున్నగా ఉండే ఆ బండి మీద కూడా లాంగ్ రైడ్‌లో వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 లాంటి ట్విన్లలో (రెండు సిలిండర్ల బళ్లలో) 270 డిగ్రీల క్రాంక్, అంటే రెండు పిస్టన్లూ ముప్పావు చుట్టు తేడాతో కదిలే క్రాంక్, సౌండ్ కోసమే అనుకునేవాళ్లున్నారు. సౌండ్ బావుంటుంది, కాదనను. కానీ అందులో ఒక పిస్టన్ చివర్లో ఆగుతుంటే రెండోది మధ్యలో పరుగెడుతుంటుంది కాబట్టి సెకండరీలు రెండూ రద్దైపోతాయి, మిగిలిన పెద్ద వణుకుని బ్యాలెన్సర్ చూసుకుంటుంది. రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే డుకాటీ 90 డిగ్రీల వీ ట్విన్‌లో ఆ పెద్ద వణుకుకి క్రాంక్ మీద బరువే చాలు.

ఇక ఒక స్పీడు దగ్గరే అద్దంలో వెనకొచ్చే బండి మసకబారి, ఇంకాస్త రేజ్ చెయ్యగానే మళ్లీ తేటగా కనిపించడం గమనించే ఉంటారు. అద్దం కాడకి తనదైన ఊపు ఒకటుంటుంది, ఇంజిన్ వణుకు దానికి సరిగ్గా కలిసినప్పుడు చిన్న వణుకే పెద్దదైపోతుంది. హ్యాండిల్ చివర్లలో బరువులు పెట్టేది కూడా హ్యాండిల్ ఊపుని రోజూ నడిపే ఆర్పీఎం నుంచి పక్కకి జరపడానికే, షోకి కాదు. అవి తీసేసి సన్నవి బిగించుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. అన్నట్టు, ఇన్నాళ్లూ లేని వణుకు ఒక్కసారిగా మొదలైతే మాత్రం పైన చెప్పిన లెక్కలేవీ పనికిరావు, ముందు ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు చూడండి.