షాప్‌లిఫ్టింగ్‌కీ లిఫ్టుకీ సంబంధం లేదండీ!

మొన్న రాత్రి పదకొండింటికి ఒక పెద్దాయన ఫోన్. వాళ్లబ్బాయికి ఒకప్పుడు నేను ఇంగ్లిష్ చెప్పాను, ఇప్పుడు న్యూజెర్సీలో ఎమ్మెస్. "మాస్టారూ, మావాడి మీద షాప్‌లిఫ్టింగ్ కేసట. లిఫ్టులో ఏం చేశాడండీ వీడు?" గొంతు వణుకుతోంది. నాకు నవ్వు రాలేదు. షాప్‌లిఫ్టింగ్ అంటే కొట్టులో సరుకు డబ్బు కట్టకుండా కాజేయడం. ఇదే ప్రశ్న క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

అపోహ: లిఫ్టు నుంచి పుట్టిన మాట.

కాదు. మనం ఎక్కే లిఫ్టుకు ఆ పేరు వచ్చింది 19వ శతాబ్దంలో. కాజేయడం అనే అర్థంలో 'లిఫ్ట్' 16వ శతాబ్దానికే ఇంగ్లండు దొంగల భాషలో ఉంది. 1590ల మొదట్లో రాబర్ట్ గ్రీన్ అనే రచయిత వాళ్ల పనితనాన్ని పూసగుచ్చినట్టు రాశాడు. 'లిఫ్ట్' అంటే అప్పుడు మనిషే. పెద్దమనిషి వేషంలో బట్టల కొట్టుకొస్తాడు, పైన కోటు లేకుండా. దాచుకోవడానికి చోటే లేదని నమ్మించాలిగా! ఈ సాటిన్ నచ్చలేదు, ఆ వెల్వెట్ తియ్యమంటాడు. కొట్టువాడు అటు తిరగ్గానే బట్ట తాను పక్కనున్న 'మార్కర్' అనే తోడుదొంగ చేతికి, అక్కణ్నుంచి బయట తచ్చాడుతున్న 'సాంటార్' చేతికి. షాపు, లిఫ్టు కలిసి ఒక్క మాటయింది 17వ శతాబ్దంలో.

అపోహ: స్లాంగే కదా, చేతివాటం లాంటిది. దొరికితే డబ్బు కట్టేస్తే సరి.

కొంప ముంచేది ఇదే. స్లాంగ్‌గా పుట్టిన మాట ఎప్పుడో చట్టంలోకి ఎక్కింది. ఇంగ్లండులో 1699 చట్టం ప్రకారం షాపులో గుట్టుగా 5 షిల్లింగులు, ఆపైన విలువ చేసే సరుకు కాజేస్తే ఉరి. ఇవాళ న్యూజెర్సీ చట్టంలో నేరం పేరే షాప్‌లిఫ్టింగ్. బయటికి ఎత్తుకుపోనక్కర్లేదు, కొనకుండా పట్టుకుపోయే ఉద్దేశంతో లోపలే దాచినా, ధర స్టిక్కరు మార్చినా అదే కేసు. 200 డాలర్ల లోపు సరుకైనా కోర్టు తప్పదు. తర్వాత డబ్బిస్తామన్నంత మాత్రాన కేసు పోదు. మనమే బిల్లు వేసుకునే కౌంటర్లో నిజంగా ఏదైనా స్కాన్ చేయడం మర్చిపోతే అది వేరు, ఉద్దేశం లేనిదే నేరం కాదు. ఆ మాట కోర్టులో చెప్పాల్సింది లాయరు. వాట్సాప్ గ్రూపులో సలహాలిచ్చే బాబాయిలు కాదు.

షాప్‌లిఫ్టింగ్‌కే ఇంకో స్లాంగ్ పేరు 'ఫైవ్ ఫింగర్ డిస్కౌంట్'. అంటే 5 శాతం తగ్గింపూ కాదు. ఆ అయిదూ చేతివేళ్లు.

పెద్దాయన అంతా విని, "అయితే లిఫ్టు కాదన్నమాట" అన్నాడు. అబ్బాయి పంపిన కాగితం ఫొటోలో కోర్టు తేదీ ఎక్కడుందో చూడమన్నాను. కళ్లజోడు కోసం వెతుకుతున్న చప్పుడు వినిపించింది.